పడవ ఎడమ చెవి

నలభై ఒక్క శాతం దగ్గర ఆగినట్టే ఆగి, నలభై రెండు అంది తెర. ఆగలేదులే, ఊపిరి తీసుకుంటోంది, ఈ ముసలి కంప్యూటర్‌కి ఆయాసం ఎక్కువ, లోపలున్న మూడు ఫ్యాన్లలో ఒకటి తిరగడం మానేసి ఆర్నెల్లయింది, మారుస్తాను మారుస్తాను అనడమే గాని మార్చింది లేదు. గోడ గడియారంలో నాలుగూ ఐదు. తప్పు ఎవరిదో ఐదింటిలోగా తేలాలి. ఐదు దాటాక తేలినా ఒకటే, తేలకపోయినా ఒకటే, ఎందుకంటే ఐదింటిలోగా మేడమీద గదిలో ఉన్న చెల్లెలు ఆ ఉద్యోగం ఇస్తామన్నవాళ్ళకి జవాబు పంపాలి, వస్తాననో రాననో. రాననే పంపుతుంది. నిన్న భోజనాల దగ్గర కంచంలోకి చూస్తూ, "వెళ్ళి ఏం చేస్తాను అన్నయ్యా, అక్కడా ఇంతేగా," అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ అతనికి ముద్ద దిగడం లేదు. పన్నెండు రోజుల కిందట, ఇప్పుడు తెరమీదున్న ఈ కంప్యూటర్ ఆటని తయారుచేసేవాళ్ళంతా చదివే పేజీలో, సరిగ్గా ఆమె చేసిన మార్పు కింద, చూసుకోకుండా చేతులు పెట్టేవాళ్ళ వల్లే ఈ తలనొప్పులన్నీ అని రాసింది అతనే. పేరు పెట్టి రాయలేదు. పెట్టకపోతే మాత్రం ఏమిటి, ఆమె మార్పు కిందేగా రాసింది. తప్పు ఆమెది కాదని ఇప్పుడు రుజువు కావాలి, నీది కాదులేమ్మా అని ఊరికే అంటే నమ్మే మనిషి కాదు, ఓదార్పు మాటని అటూ ఇటూ తిప్పి చూసి అడుగున ఏముందో కనిపెట్టేస్తుంది. నలభై నాలుగు శాతం.

"ఇంకా ఉడకలేదా?" అంది భార్య గుమ్మంలోంచి.

"ఉడుకుతోంది."

"ఐదింటికి నా హెడ్‌ఫోన్లు నాకు కావాలి. మూడు ఫైళ్ళున్నాయి. ఇస్తానంటే ఇవ్వాలి మరి, నీ ఫ్యాన్ మార్చినట్టు కాదు."

డాక్టర్లు నోట్లో నోట్లో గొణిగింది విని టైపు చేయడం ఆమె పని, ఇంట్లోంచే చేస్తుంది, ఆ హెడ్‌ఫోన్లని కళ్ళజోడు కన్నా భద్రంగా చూసుకుంటుంది. మరో రోజైతే ఆ మాటకి నవ్వేవాడే. ఉడకడం అన్న మాట కూడా ఆమెదే, పెళ్ళయిన కొత్తలో ఇదంతా ఏమిటని అడిగితే వివరించి వివరించి అలిసిపోయాక ఆమే తేల్చేసింది, అంటే మీరు రాసుకున్న అక్షరాలు యంత్రం తినలేదు, వండి పెట్టాలి, అంతేగా అని. అంతే. వేలకొద్దీ వరసల సోర్సు, మనుషులు చదవగలిగేది, అదంతా యంత్రానికి అర్థమయ్యేలా మారాలి, ఆ మార్పిడికి ఈ పెట్టెలో ఇరవై నిమిషాలు. ఆట ఎవరి సొత్తూ కాదు. సోర్సు బయటే పడి ఉంటుంది, కావలసినవాళ్ళు తీసుకుంటారు, మారుస్తారు, మార్పు బాగుంటే అతను చూసి కలుపుతాడు. పగలంతా కాలేజీ ప్రయోగశాలలో గాజు గొట్టాల కాపలా, సాయంత్రాలూ సెలవులూ ఈ ఆట కాపలా, ఏడేళ్ళుగా ఇదే బతుకు, ఆ పేజీలో అతని పేరు చుక్కాని. ఎంత గర్వంగా పెట్టుకున్నాడో ఆ పేరు. పడవ ఎటు పోవాలో తనే చెబుతాడట, పెద్ద మొనగాడు. నలభై తొమ్మిది.

పొగమంచులో పడవ నడపడం, అదే ఆట. కళ్ళున్నవాళ్ళు తెరమీది మసక నీడల్ని చూసి నడుపుతారు. మాష్టారు మాత్రం విని నడుపుతారు. ఎక్కడో దూరాన ఉండే టైపు మాష్టారు, చూపు పోయి పదకొండేళ్ళట, ఎప్పుడూ కలిసింది లేదు, ఉత్తరాలే. రాయి దగ్గరపడేకొద్దీ తెడ్డు చప్పుడు బోలుగా మారుతుంది, రాయి ఎడమన ఉంటే ఎడమ చెవిలో, కుడిన ఉంటే కుడి చెవిలో, ఆ చప్పుళ్ళు పట్టుకుని ఆయన కళ్ళున్నవాళ్ళు కూడా వెళ్ళలేని ఉత్తరపు పాయలోకి వెళ్ళి వచ్చేవారు. ఆయన రాసిన ఉత్తరం అతనికి కంఠతా వచ్చేసింది. అయ్యా, కొత్త వెర్షన్‌లో నా పడవకి ఎడమ చెవి పోయింది, ఎటు పోయినా ఎడమ పక్కే గుద్దుకుంటున్నాను, కుడి చెవి భేషుగ్గా ఉంది, తొందరేం లేదు. ఆ తొందరేం లేదు అన్న మాట చూసి అతనికి ఒళ్ళు మండింది. ఎవరిమీద అంటే చెప్పలేడు, ఎవరో ఒకరి మీద మండాలి గదా. ఈ మధ్య శబ్దాల జోలికి వెళ్ళింది ఎవరని చూశాడు, నత్త అని కనబడింది, రాసేశాడు. నత్త చెల్లెలే పెట్టుకున్న పేరు. రాసి పంపేటప్పుడు ఆ నత్త తన చెల్లెలని అతనికి గుర్తుందా లేదా? గుర్తుంది. ఇంటి మనిషని వెనకేసుకొస్తున్నానని నలుగురూ అనుకోకూడదని ఇంకాస్త గట్టిగా రాశాడు. అది న్యాయమనుకున్నాడు అప్పుడు.

యాభై ఎనిమిది. పదహారు మార్పులు, ఆట బాగున్న రోజుకీ పాడైన రోజుకీ మధ్య. ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే తెల్లారిపోతుంది కాబట్టి సగానికి సగం కోసుకుంటూ పోతారు. మొదటి ఎనిమిది మార్పుల దాకా పెట్టి ఆటని మళ్ళీ వండి కట్టి చూశాడు పొద్దున, ఎడమ చెవి వినబడింది, అంటే తప్పు ఆ తర్వాతి ఎనిమిదిలో ఉంది. పన్నెండు దాకా పెట్టి కట్టాడు మధ్యాహ్నం, అప్పుడూ వినబడింది. మిగిలినవి నాలుగు. ఇప్పుడు పద్నాలుగు దాకా పెట్టి కడుతున్నాడు. ఇందులో చెవి వినబడితే బతికాడు, తప్పు పదిహేనుదో పదహారుదో అవుతుంది, పదిహేను ఎవరో అక్షర దోషాలు దిద్దింది, పదహారు ఎవరో రాళ్ళకి కొత్త రంగు వేసింది, వాళ్ళు అయ్యయ్యో అని నవ్వేసి సరిచేసి పోతారు, వాళ్ళకేం. వినబడకపోతే పదమూడూ పద్నాలుగూ మిగులుతాయి. పద్నాలుగు చెల్లెలిది. పదమూడు అతనిదే, కానీ అదేముంది, చిన్నది, ఉత్త శుభ్రం చేసే పని, కొత్తగా ఒక్క ముక్క రాయలేదు, దుమ్ము దులిపాడంతే. పదిహేను కావాలి దేవుడా, లేదా పదహారు. ప్రయోగశాలలో పిల్లలు కూడా గొట్టంలోకి చూస్తూ నీలం నీలం అని ఇలాగే గొణుక్కుంటారు, నీ గొణుగుడికి రంగు మారదురా అని తనే వాళ్ళని కసిరేవాడు.

చెల్లెలి మార్పు బకెట్ నీళ్ళది. రెండేళ్ళు ఆ గదిలోంచి పెద్దగా బయటికి రాని మనిషి. అంతకుముందు పనిచేసిన మందుల కంపెనీలో సీసాల మీది చీటీలు తారుమారయ్యాయని, తారుమారు చేసినవాడు పక్క బల్ల దగ్గర నిలబడి చూస్తుండగా, పై అధికారి ఆమెని ఇరవై మంది ముందు కడిగేశాడు, ఆమె ఒక్క మాట అనకుండా బ్యాగు తీసుకుని ఇంటికొచ్చి పడుకుంది. అంతే, రెండేళ్ళు. పెళ్ళెప్పుడు, సంబంధాలు చూస్తున్నారా అని అడిగేవాళ్ళకి భార్యే జవాబు చెప్పి పంపేది, మా ఆడపడుచు ఒంటరిగానే బాగుంది, మీరు మంచినీళ్ళు తాగి వెళ్ళండి అని. చివరికి ఈ ఆట చూపించి, ఏదైనా చిన్నది చెయ్యవే అని బతిమాలింది అతనే. తొమ్మిది రోజులు తీసుకుంది. తెడ్డు చప్పుడు డబ్బా కొట్టినట్టుందని, స్నానాల గదిలో బకెట్ నిండా నీళ్ళు పట్టి, వంటింట్లోంచి చెక్క గరిటె పట్టుకెళ్ళి, తలుపేసుకుని చప్పుళ్ళు రికార్డు చేసింది, నూట పది చప్పుళ్ళు, అందులో ఎనిమిది పనికొచ్చాయి. ఆ గరిటె నానిపోయి ఇప్పటికీ పిడి దగ్గర ఉబ్బి ఉంటుంది. ఆ రోజు కిందికొచ్చి, వదినా నీ గరిటె పాడుచేశాను అని నవ్వింది, ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. ఆ తర్వాతేగా ధైర్యం చేసి, ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ రాసే చోట పరీక్షించే పనికి దరఖాస్తు పెట్టింది. వాళ్ళు రమ్మన్నారు. రమ్మన్న ఉత్తరమూ అతను రాసిన వాక్యమూ ఒకే వారంలో వచ్చాయి. నూరు శాతం. అయిపోయింది, అయిపోయింది, ఏదీ హెడ్‌ఫోన్లు.

పడవ. పొగమంచు. ఉత్తరపు పాయ మొదట్లో కుడిన ఒక రాయి ఉంటుంది, అది దాటగానే ఎడమన పెద్దది. కుడి చెవిలో చెల్లెలి గరిటె చప్పుడు, తడిగా, నిజంగా నీళ్ళలాగే, బోలుగా మారింది, బాగుంది. ముందుకి. ఇప్పుడు ఎడమ. తెడ్డు వేశాడు. నిశ్శబ్దం. మళ్ళీ వేశాడు. హెడ్‌ఫోన్ల తీగ పెట్టెలో సరిగ్గా దూరిందా అని చూశాడు, దూరింది, వాటిని తిప్పి పెట్టుకున్నాడు, కుడిది ఎడమకీ ఎడమది కుడికీ, యంత్రం చెబుతున్నది చెవులు మారిస్తే మారుతుందా, పడవ దభీమని రాయిని కొట్టుకుంది. నాలుగూ పందొమ్మిది. ఇక మిగిలింది రెండే. ఆమె, తను. పదమూడు దాకా పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక అంకె తప్పు కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టాడు. ఒకటి. రెండు. నాలుగూ నలభైకి అవుతుంది. చెవి వినబడితే తప్పు చెల్లెలిది, వినబడకపోతే తనది. ఏది కావాలి నీకు? ఇంతసేపూ పదిహేను కావాలి పదహారు కావాలి అని మొక్కుకున్నవాడికి ఇప్పుడు మొక్కు నోటికి రావడం లేదు. తనదే కావాలి అని అనుకోవాలి, అన్నయ్య కదా. అనుకున్నాడు కూడా. అనుకుంటుండగానే ఆ పేజీ గుర్తొచ్చింది, అందరూ చదువుతారు, ఏడేళ్ళ చుక్కాని, మాష్టారు చదివించుకుని వింటారు.

మేడమీద కుర్చీ కిర్రుమంది. పంపేస్తోందా? లేదు, లేచింది, నడుస్తోంది, కూజాలోంచి నీళ్ళు వంచుకుంటోంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉంటుంది ఇప్పుడు, ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా ఏదైనా రెండు చేతులతోనే పట్టుకుంటుంది, భార్య కొత్తలో అడిగింది, మీ చెల్లెలేంటి గ్లాసుని అంత భయభక్తులతో పట్టుకుంటుంది అని. అలవాటు అన్నాడు. అలవాటు ఎక్కడిదో చెప్పలేదు. నాన్న సర్వేయరు, ఇంటి ముందుగదిలో డ్రాయింగు బల్ల, బల్లమీద రెండు నెలలుగా గీస్తున్న పటం, కాలవలూ గట్లూ పేర్లూ అన్నీ నల్ల సిరాతో. అప్పటికి తనకి పంతొమ్మిది, చెల్లెలికి ఆరు. కాలేజీ రికార్డులో శీర్షికలు రాసుకోవడానికి నాన్న సిరా బుడ్డి అడక్కుండా తీసుకుని, మళ్ళీ తెచ్చి పెట్టాడు, మూత పెట్టాడు గాని తిప్పలేదు. మధ్యాహ్నం అది పెన్సిలు కోసం చెయ్యి చాపింది. పటం మీద సిరా పారుతుంటే నాన్న అరవలేదు, కొట్టలేదు, నువ్వింక ఈ గదిలోకి రాకమ్మా అన్నాడంతే. ఏడాదిపాటు అది గడప బయటే నిలబడి నాన్నతో మాట్లాడింది. అప్పుడు తను ఏమన్నాడో తెలుసా? చిన్నపిల్ల, వదిలెయ్యండి నాన్నా, అన్నాడు. అమ్మ చూడు ఎంత మంచి అన్నయ్యో అంది. ఆ రాత్రి అది వచ్చి తన పక్కనే ముడుచుకుని పడుకుంది, దాన్ని వెనకేసుకొచ్చినందుకు. ఇరవై రెండు శాతం. ఇరవై రెండు. ఇరవై రెండు. కదలవేం.

ఒక సంగతి ఉంది, గంటనుంచీ దాని చుట్టూ తిరుగుతూ దానిమీద కాలు పెట్టకుండా నడుస్తున్నాడు. ఈ ఉడికించడమంతా ఎందుకు? పదమూడో మార్పులో ఏముందో తెరిచి చదవవచ్చు. తనే రాసినది, తన యంత్రంలోనే ఉన్నది. రెండు నిమిషాల పని. పొద్దుటినుంచీ నాలుగు సార్లు ఇరవయ్యేసి నిమిషాలు కూర్చుని ఫ్యాన్ల చప్పుడు వింటున్నాడు గాని ఆ రెండు నిమిషాలు కూర్చోలేదు. పొద్దుటినుంచీ ఏం ఖర్మ, పన్నెండు రోజులనుంచీ. మాష్టారి ఉత్తరంలో ఎడమ చెవి అని చదివిన క్షణంలోనే అతని చెయ్యి తన సొంత ఇయర్‌ఫోన్ మీదికి వెళ్ళింది, ఆ ఎడమ ముక్క తీగ తెగి ఏడాదిగా పలకడం లేదు, అంటే ఏడాదిగా ఆట ఎడమవైపు అతను విన్నదే లేదు, విననివాడు పరీక్షించాను అని ఎలా రాశాడు? రాశాడు. పదమూడో మార్పు కింద, పరీక్షించాను, అంతా సవ్యం, అని ఉంటుంది. తెరిచి చూడకపోయినా ఉంటుంది. ఆ చెయ్యి వెళ్ళింది, వెంటనే వెనక్కి వచ్చింది, వెంటనే నత్త కింద ఆ వాక్యం రాసింది. ఇదే చెయ్యి. మూత తిప్పనిదీ ఇదే చెయ్యి. ముప్ఫై ఎనిమిది శాతం, నాలుగూ ఇరవై ఎనిమిది. చదువు. చదవరా వెధవా.

తెరిచాడు. కంపైల్ చేసేటప్పుడు, అంటే ఈ ఉడికించేటప్పుడు, యంత్రం నసుగుతుంది, ఇది అనవసరం, అది ఎవరూ వాడటం లేదు అని, వాటిని హెచ్చరికలంటారు, పని ఆగదు గాని తెర నిండా పసుపు అక్షరాలు. నలభై మూడు హెచ్చరికలుండేవి ఆటలో. ఒక ఆదివారం కూర్చుని నలభై మూడూ తీసేశాడు, తీసేసి, ఒక్క హెచ్చరిక కూడా లేని తెరని ఫొటో తీసి అందరికీ పెట్టాడు, భలే అన్నారు. కిందికి జరుపుతున్నాడు. ఇది అనవసరమే, ఇదీ అనవసరమే, ఇదీ. ముప్ఫై ఒకటోది. ఒక పేరు పెట్టి ఉంది, ఆ పేరుని ఇక ఎక్కడా ఎవరూ పిలవలేదు, అందుకే యంత్రం నసిగింది, అందుకే తీసేశాడు. కానీ ఆ పేరు పిలవడానికి పెట్టింది కాదు. పేరు పెట్టడంతోనే ఎడమ చెవి వెళ్ళి శబ్దాల జాబితాలో చేరుతుంది, చేరడమే దాని పని, ఆ తర్వాత దాన్ని ఎవరూ తలుచుకోనక్కర్లేదు. కుడి చెవికి కూడా అలాగే ఉంది, అది వేరే ఫైల్లో ఉండటం వల్ల బతికిపోయింది. ఆ వరసని ఎర్రగా చూపిస్తోంది తెర, తీసేసినదని గుర్తుగా. పక్కన తేదీ. పక్కన చుక్కాని. అతనికి కలిగింది భయం కూడా కాదు, సిగ్గు, ఉత్త సిగ్గు.

నాలుగూ ముప్ఫై నాలుగు. ఇంకో ఆరు నిమిషాలు ఆగితే రుజువు చేతికొస్తుంది, హెడ్‌ఫోన్లు పట్టుకెళ్ళి వినిపించవచ్చు, ఇదుగో వినబడటం లేదు చూశావా అని. ఆరు నిమిషాలేగా. లేచాడు. మెట్ల దగ్గర ఆగాడు. ఏమని మొదలుపెట్టాలి, ఒక విషయం తెలిసింది అనాలా, యంత్రం ఇలా చెబుతోంది అనాలా, యంత్రం మీద ఎందుకు పెడతావు మళ్ళీ, ఎక్కు. పదకొండు మెట్లు. తలుపు ఓరగా వేసి ఉంది. చెల్లెలు వీపు అటు పెట్టి కూర్చుని ఉంది, ముందర పాత ల్యాప్‌టాప్, పక్కన గ్లాసు.

"ఎడమ చెవి తీసేసింది నేను," అన్నాడు. "పదమూడో మార్పులో. నీ మార్పులో తప్పేం లేదు."

ఆమె ఇటు తిరగలేదు. "కంపైల్ అయిపోయిందా?"

"లేదు. ఇంకా అవుతోంది."

"మరి ఎలా తెలిసింది?"

"చదివాను."

"ఓహో," అంది. తర్వాత గ్లాసు రెండు చేతులతో తీసి పక్కకి జరిపి, "నాకు తొమ్మిది రోజుల కిందటే తెలిసింది. ఈ ల్యాప్‌టాప్‌లో ఒక్కో కంపైల్‌కి మూడు గంటలు పడుతుంది. రెండు రోజులు కూర్చుని నేనూ సగానికి సగం కోసుకుంటూ వచ్చా," అంది.

"చెప్పొచ్చుగా నాకు!"

"నువ్వే చెప్తావేమోనని చూశా."

అతను గోడకి ఆనుకున్నాడు. తొమ్మిది రోజులు ఒకే బల్ల దగ్గర తిన్నారు, నీళ్ళ సీసా ఇటివ్వు అన్నాడు, ఇచ్చింది.

"అందుకే వెళ్ళనంటున్నా అన్నయ్యా. నాది కాదని రుజువు చేతిలో ఉండి కూడా నోరు పెగల్లేదు నాకు. ఇంట్లో, నీతోనే. రేపు అక్కడ బయటివాళ్ళ ముందు ఏం మాట్లాడతాను?"

అతని దగ్గర ఉన్నదల్లా ఇంకో తప్పు, పాతది, దాన్ని ఇప్పుడు చెప్పి ఏం లాభమో కూడా తెలియదు, అయినా నోరు ఒకసారి తెరుచుకున్నాక అదే వచ్చేసింది. "నాన్న పటం మీద సిరా... బుడ్డి మూత సరిగ్గా పెట్టనిది కూడా నేనే. ఆ పొద్దున నేను వాడుకున్నా."

ఇప్పుడు తిరిగింది. అతన్ని చాలాసేపు చూసింది, కోపంగా అనుకుంటే కోపంగా ఉంది, కాదనుకుంటే ఆరేళ్ళ పిల్ల చూసినట్టుంది. "అది నువ్వా?" అంది. "అది మాత్రం నేనేననుకున్నాను."

కింద ఫ్యాన్ల హోరు తగ్గింది. ఉడకడం అయిపోయినట్టుంది. ఇద్దరూ విన్నారు, ఎవరూ కదల్లేదు.

"కిందికెళ్ళి ఆ పేజీలో రాస్తావా?" అంది చివరికి. "సిరా సంగతి కాదు."

"రాస్తా."

"రాయి మరి. నాలుగూ నలభై రెండయింది."

దిగాడు. చెవి వినబడుతుందో లేదో పెట్టి చూడలేదు, పేజీ తెరిచాడు. మొదటిసారి రాసినది పదకొండు వాక్యాలయింది, అందులో ఇయర్‌ఫోన్ తీగ ఉంది, పాత యంత్రం ఉంది, హెచ్చరికల గురించి చిన్న పాఠమే ఉంది. చదువుకుంటే కాలేజీకి ఆలస్యంగా వచ్చిన పిల్లవాడి సంజాయిషీలా ఉంది, చెరిపేశాడు. రెండోసారి ఆరు వాక్యాలు. చెరిపేశాడు. మూడోసారి, మాష్టారి పడవకి ఎడమ చెవి తీసేసింది నేను, పదమూడో మార్పులో, వినకుండానే విన్నానని రాశాను, నత్త చేసిన పనిలో ఏ తప్పూ లేదు, నేను ఆమెని అన్న మాట తప్పు, అని రాశాడు. వేలు మీట మీద పెట్టి ఉంచాడు. ఇప్పటికీ నొక్కకుండా ఉండొచ్చు, పైకెళ్ళి రాశానని చెప్పొచ్చు. అలాంటి ఆలోచన వచ్చినందుకు తనని తను తిట్టుకుంటూ నొక్కాడు. నాలుగూ యాభై ఒకటి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, రెండు చెవుల్లోనూ.

చేతులు ఒళ్ళోకి తీసుకున్నాడో లేదో, పేజీలో కొత్త మార్పు ఒకటి వచ్చి కూర్చుంది. నత్త. తేదీ చూస్తే తొమ్మిది రోజుల కిందటిది, అప్పుడే చేసి పెట్టుకుని, పంపకుండా పైన గదిలో ఉంచుకుంది. తీసేసిన ఆ ఒక్క వరసా తిరిగి తన చోట్లో ఉంది. దాని పైన, తర్వాత వచ్చి చదివేవాళ్ళ కోసం, ఒక మాట రాసి ఉంది. ఈ పేరుని ఎవరూ పిలవరు, అయినా తీసేయకండి. అతను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు, మూడోసారి అక్షరాలు అలుక్కుపోయాయి.

కలిపి మొదలుపెట్టాడు. మారింది ఒక్క వరసే కాబట్టి ఈసారి ఇరవై నిమిషాలు అక్కర్లేదు, ఒకటిన్నర నిమిషంలో అయిపోయింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉత్తరపు పాయలోకి పోనిచ్చాడు. కుడిన రాయి, దాటాడు. ఎడమకి తెడ్డు వేశాడు, మేడమీది బకెట్ నీళ్ళూ ఆ ఉబ్బిన గరిటే ఎడమ చెవిలో తడిగా పలికాయి, రాయి దగ్గరపడేకొద్దీ బోలుగా, ఇంకా బోలుగా, కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది. కళ్ళు మూసుకునే దాన్ని దాటాడు. మెట్ల మీద అడుగులు వినబడి కళ్ళు తెరిస్తే, భార్య పక్కనే నిలబడి చెయ్యి చాపి ఉంది. ఐదు కొట్టింది. హెడ్‌ఫోన్లు తీసి ఇచ్చేశాడు. చెవులు ఖాళీ అయ్యాక వంటింటి గుమ్మంలోంచి చెల్లెలి గొంతు వినబడింది.

"వదినా, సోమవారం నుంచి నన్ను కాస్త ఆరింటికే లేపుతావా?"